ఎలక్ట్రిక్ కారులో చిన్న బ్యాటరీ: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో ఎలక్ట్రిక్ కార్లు పెరిగేకొద్దీ మా షెడ్డుకు ఒకే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. "రాత్రి 80 శాతం ఛార్జింగ్ ఉందండీ, పొద్దున్నకి డోరు కూడా తెరుచుకోలేదు."

అపోహ: పెద్ద బ్యాటరీ నిండుగా ఉంటే కారు ఆగదు.

వాస్తవం: లాకులు, లైట్లు, లోపలి కంప్యూటర్లు నడిచేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీద. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే కాంటాక్టర్లు పనిచేయాలన్నా ఆ 12 వోల్టులే కావాలి.

అపోహ: చిన్న బ్యాటరీ డౌన్ అయితే కొత్తది వేయించడమే.

వాస్తవం: అనవసరంగా డబ్బు వదిలేది ఇక్కడే. పెట్రోల్ కార్లలో ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఈ కార్లకు ఉండదు. పెద్ద బ్యాటరీ వోల్టేజీని తగ్గించి చిన్నదానికి ఎక్కించేది డీసీ-డీసీ కన్వర్టర్. ముందు వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్ తీయండి. కొన్ని గంటలు నిలిపి ఉంచిన కారులో లెడ్ యాసిడ్ రకం చిన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 అంటే సగమే ఉంది. కారును రెడీలోకి, అంటే నడపడానికి సిద్ధమైన స్థితికి తెచ్చి మళ్లీ చూస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. కొన్ని మోడళ్లు బ్యాటరీ నిండాక కావాలనే 13 దాకా దించుతాయి, దానికి కంగారు పడక్కర్లేదు. రెడీలో కూడా 12.4 దగ్గరే ఉండి మెల్లగా దిగుతుంటే మాత్రం ఛార్జింగ్ అందడం లేదు. చిన్నది కూడా లిథియమే ఉన్న కార్లకు ఈ లెక్కలు వర్తించవు.

అపోహ: ఛార్జింగ్ తక్కువగా ఉందంటే కన్వర్టర్ పోయినట్టే.

వాస్తవం: కళింగపట్నం వైపు నుంచి ఒక కారు వచ్చింది. కన్వర్టర్ మార్చాలని వేరే చోట చెప్పారట. రెడీలో చిన్న బ్యాటరీ టెర్మినళ్ల మీద 12.9 ఉంది. ఎర్ర ప్రోబ్ కదపకుండా నల్ల ప్రోబ్ ఒక్కటి తీసి బాడీ ఇనుముకు ఆనిస్తే 13.8 చూపింది. అంటే కన్వర్టర్ ఇస్తోంది, దారిలో 0.9 వోల్టు పోతోంది. అక్కడ 0.2 దాటినా అనుమానించాల్సిందే. నెగటివ్ కేబుల్‌ను బాడీకి బిగించే ఎర్త్ బోల్టు పైకి శుభ్రంగానే ఉంది, విప్పితే కేబుల్ చివరి రింగు కింద పచ్చటి పొడి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మామూలే. గీకి, బిగించి పంపాం. అంత ఖరీదైన భాగం మార్చమనే ముందు ఫ్యూజు, కేబుల్, ఎర్త్ చూడని మెకానిక్ మాట నమ్మకండి.

అపోహ: ఆపేసిన కారు కరెంటు లాగదు.

వాస్తవం: విడిగా బిగించిన డాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్ రాత్రంతా లాగుతూనే ఉంటాయి. 0.3 ఆంపియర్ లాగినా రోజుకు 7 ఆంపియర్ అవర్లు పోతాయి. వారం ఊరెళ్లి వచ్చేసరికి 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఖాళీ. కొలవాలంటే బానెట్ తెరిచి, దాని లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేయండి. కారు లాక్ చేసి తాళం దూరంగా పెట్టి, కంప్యూటర్లన్నీ స్లీప్‌లోకి వెళ్లేదాకా అరగంటో గంటో ఆగండి. తర్వాత చిన్న కరెంటు కూడా కొలవగల డీసీ క్లాంప్ మీటర్ నెగటివ్ కేబుల్‌కు తగిలించండి. సాధారణంగా 0.05 ఆంపియర్ లోపు ఉండాలి. కేబుల్ ఊడదీసి కొలిస్తే కంప్యూటర్లు మళ్లీ మేల్కొని లెక్క తప్పుతుంది. బానెట్ దించే ముందు లాచ్ తెరవడం మరిచిపోకండి.

అపోహ: కారు కంప్యూటర్లను చదివే స్కానర్‌లో పది లోపాల కోడ్లు వస్తే పది భాగాలు పోయినట్టు.

వాస్తవం: 12 వోల్టులు పడిపోతే సంబంధం లేని కోడ్లు కూడా వస్తాయి. బయటి ఛార్జర్‌తో చిన్న బ్యాటరీ నింపి, కోడ్లు చెరిపి, కారు నడిపి మళ్లీ చూడండి.

అపోహ: ఎలక్ట్రిక్ కారుతో పెట్రోల్ కారుకు జంప్ స్టార్ట్ ఇవ్వొచ్చు.

వాస్తవం: వద్దు. పెట్రోల్ ఇంజిన్‌ను తిప్పే సెల్ఫ్ మోటార్‌కు వందల ఆంపియర్లు కావాలి, ఎలక్ట్రిక్ కారులోని 12 వోల్టుల ఏర్పాటు దానికోసం చేసింది కాదు. మన కారుకు జంప్ తీసుకోవడం మాన్యువల్‌లో చూపిన చోట్ల తగిలిస్తే ఫరవాలేదు.

ఇంట్లో మీరు చేయగలిగింది 12 వోల్టుల వైపే. నారింజ రంగు కేబుళ్లలో వందల వోల్టులు ఉంటాయి. కన్వర్టర్ విప్పే పని శిక్షణ పొంది, ఇన్సులేటెడ్ గ్లవ్స్ వేసుకుని, హై వోల్టేజీ సప్లై తెంచి, లేదని మీటర్‌తో రూఢి చేసుకున్నవాళ్లదే.