నూలు గుర్తు ఉన్నదల్లా పట్టు కాదు: చైనా, జపాన్ బట్టల అక్షరాలపై అపోహలు - వాస్తవాలు

మా నాన్న పోచంపల్లి చీరలు నేసేవారు. అమ్మ ఆసు పోసేది, కండెలు చుట్టేది. నేను జపనీస్, ఆ తర్వాత చైనీస్ నేర్చుకుని బట్టల వ్యాపారానికి కావలసిన కాగితాలు అనువదిస్తున్నాను. సరుకు వివరాలుండే స్పెక్ షీట్లు, లేబుళ్ళు, ల్యాబ్ రిపోర్టులు, రంగుల కార్డులు, అన్నీ వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు, గార్మెంట్ యూనిట్లలో పనిచేసేవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం నూలు గుర్తు చుట్టూనే తిరుగుతాయి. జపనీస్‌లో దాన్ని 'ఇతో' అంటారు. మెలితిప్పిన చిలపలా పైన రెండు ముడులు, కింద మూడు కొసలు. ఈ గుర్తు ఎడమవైపు కూర్చున్న అక్షరాలు వందల్లో ఉన్నాయి. దాని గురించి పాతుకుపోయిన అపోహలూ తక్కువేం కాదు.

అపోహ: నూలు గుర్తు కనిపిస్తే అది బట్టకో, దారానికో సంబంధించిన మాటే.

వాస్తవం: ఆ మాట ఒకప్పుడు ఏ పనిలో పుట్టిందో చెబుతుంది, అంతే. ఇవాళ దాని అర్థం ఏమిటో చెప్పదు. కాగితం, ముగింపు, తరగతి, గుంపు, ఆకుపచ్చ, జీతం అనే మాటలన్నింటిలోనూ ఈ గుర్తుంది.

కాగితం సంగతే చూడండి. చెట్టు నుంచి వచ్చేదానికి నూలు గుర్తెందుకని దాదాపు ప్రతి విద్యార్థీ అడుగుతాడు. చైనాలో కాగితానికి ముందు వెదురు బద్దల మీద, పట్టు గుడ్డ మీద రాసేవారు. రాయడానికి వాడే ఆ పట్టు గుడ్డనే 'జి' అనేవారని హాన్ వంశ చరిత్ర చెబుతుంది. క్రీ.శ. 105లో చాయ్ లున్ అనే రాజోద్యోగి చెట్టు బెరడు, నార పీచు, చింకి గుడ్డలు, పాత చేపల వలలతో కాగితం చేసి చక్రవర్తికి సమర్పించాడు. సరుకు మారింది, పేరూ అక్షరమూ పాతవే ఉండిపోయాయి.

రంగులదీ ఇదే దారి. ఎరుపు, ఆకుపచ్చ, ఊదా, ముదురు నీలం అక్షరాల్లో నూలు గుర్తుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ కూర్చిన 'షువోవెన్ జియెజి' నిఘంటువు తెరిస్తే ఆకుపచ్చ అంటే 'నీలం పసుపు కలిసిన పట్టు' అనీ, ఊదా అంటే 'నీలం ఎరుపు కలిసిన పట్టు' అనీ ఉంటుంది. ఇవాళ ఎరుపు అని చదివే అక్షరానికి ఆయన ఇచ్చిన అర్థం తెలుపు కలిసిన ఎర్ర పట్టు, అంటే దాదాపు గులాబీ రంగు. రంగులకు పేర్లు అద్దకం తొట్టిలోంచి వచ్చాయి. మనం వంకాయ రంగు, చిలకపచ్చ అంటూ తోటలోంచి తెచ్చుకున్నాం.

అపోహ: ఇవన్నీ బొమ్మలు. ముక్కలు విడదీసి కథ అల్లుకుంటే అర్థం తెలిసిపోతుంది.

వాస్తవం: ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ. ఎందుకంటే కోచింగ్‌లలో దీన్నే పాఠంగా చెబుతున్నారు. 'నూలు పక్కన పనివాడు, పనివాడు నూలుకు వేసే రంగు కాబట్టి ఎరుపు' అని ఒకరు చెబితే వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కుడివైపు ముక్క అక్కడున్నది పని అనే అర్థం కోసం కాదు, 'గొంగ్' అనే ఉచ్చారణ కోసం. ఎరుపును చైనీస్‌లో 'హొంగ్' అంటారు. ఒక ముక్క అర్థానికి, ఇంకొక ముక్క శబ్దానికి. చైనా అక్షరాల్లో చాలా పెద్ద భాగం ఇలా తయారైనవే.

జరీ పనిలాంటి ఖరీదైన నేతకు జపనీస్‌లో 'నిషికి' అంటారు, చైనీస్‌లో 'జిన్'. అందులో ఒకపక్క బంగారం, ఇంకోపక్క పట్టు. బంగారమంత విలువైన పట్టు అన్న వివరణ ఈనాటిది కాదు, హాన్ కాలం చివర్లో లియు షి రాసిన నిఘంటువులోనే ఉంది. నేయడానికి ఎంతో శ్రమ పడుతుంది, ధర బంగారంతో సమానం, అందుకే ఈ అక్షరం అంటాడాయన. షు షెన్ మాత్రం బంగారం ఇక్కడ శబ్దానికి వచ్చిందని ఒక్క ముక్కలో తేల్చేశాడు. బంగారం ఉచ్చారణ కూడా 'జిన్' కదా. నేను షు షెన్ వైపే. అయితే అంత బరువైన నేతకు రాత రాసేటప్పుడు అదే శబ్దమున్న ముక్కలెన్నో ఉండగా బంగారాన్నే ఎంచుకున్నవాడి మనసులో విలువ అనే ఆలోచన లేదని మాత్రం అనలేను.

పట్టుపురుగు అక్షరంపై చెప్పే కథ ఇంతకన్నా ప్రసిద్ధం: పైన ఆకాశం, కింద పురుగు, అంటే 'దేవుడిచ్చిన పురుగు'. ఇవాళ రాసే రూపంలో నిజంగానే అలా కనిపిస్తుంది. కానీ అది కుదించిన రూపం. పాత రూపంలో ఆకాశం లేదు. పైన శబ్దాన్నిచ్చే ముక్క, కింద రెండు పురుగులు. సులభమైన రూపం వాడుకలోకి వచ్చాక అల్లిన కథ ఇది.

అన్ని కథలూ అబద్ధాలేనా అంటే, కాదు. 'మొదలు' అనే అక్షరంలో ఎడమవైపు బట్టలు, కుడివైపు కత్తి. బట్టకూ కత్తికీ మొదలుకూ పొత్తేమిటి? బట్ట తాను మీద కత్తెర పెట్టడమే కుట్టుపనికి మొదలు. షు షెన్ చెప్పిందీ ఇదే. దర్జీ కొట్లో కూర్చున్నవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడొక జాగ్రత్త: ఎడమవైపు వచ్చే బట్టల గుర్తుకూ, దైవానికి సంబంధించిన గుర్తుకూ ఒక్క చుక్కే తేడా. బట్టలకు ఐదు గీతలు, దైవానికి నాలుగు. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

అపోహ: బట్టల అక్షరాలు బట్టీ పట్టాలి, వేరే దారి లేదు.

వాస్తవం: మగ్గం ఇంట్లో పుట్టినవాళ్ళకు దారి ఉంది. అక్షరం వెనక బొమ్మ కోసం కాకుండా పని కోసం వెతకండి.

పట్టు నూలు పచ్చిగా ఉన్నప్పుడు దాని మీద జిగురుంటుంది. రంగు వేసేముందు సబ్బు, సోడా నీళ్ళలో ఉడకబెట్టాలి. నూలు బరువులో దాదాపు నాలుగో వంతు ఆ నీళ్ళలోనే పోతుంది, మిగిలేది మెత్తగా మెరుస్తుంది. మా ఇంట్లో ఆ రోజు వచ్చే ఆవిరి వాసన నాకు ఇంకా గుర్తుంది. ఉడకబెట్టని, రంగు వేయని తెల్ల పట్టుకు ఒక అక్షరం ఉంది, జపనీస్‌లో 'సో' అంటారు. అదే ఇప్పుడు మూలం, మూలకం అనే అర్థాల్లో వాడుతున్నారు. పని రానివాణ్ణి 'షిరోతో' అంటారు, అది రాసేది కూడా ఈ అక్షరంతోనే: పచ్చి పట్టులాంటి మనిషి. ఉడకబెట్టి మెత్తబరచిన పట్టుకు ఇంకొక అక్షరం, 'రెన్'. జపనీస్‌లో సాధన అనే మాట, 'రెన్‌షూ', దానితోనే మొదలవుతుంది. జిగురు పోయేదాకా ఉడికినవాడే పని వచ్చినవాడు. ఈ రెండు అక్షరాలూ పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన 'మరి అంతే కదా' అన్నారు.

అలాగే నార పోగుల కొసలు కలిపి మెలిపెట్టి దారం చేసే పనికి ఉన్న అక్షరమే బడి మార్కుల్లో, 'సెయ్‌సెకి'లో, ఉంటుంది. రోజంతా కూర్చుని ఒక్కొక్క పోగూ కలిపితే పోగయ్యేదే ఫలితం. పట్టుకాయ నుంచి దారం తీయాలంటే ముందు కొస దొరకాలి. ఆ కొసకున్న అక్షరమే ఆరంభం అనే అర్థంలోకి వచ్చింది.

అపోహ: బౌద్ధ 'సూత్రం' అనే మాటను అనువదించడానికే చైనావాళ్ళు పడుగు అక్షరాన్ని గ్రంథం అనే అర్థంలో వాడారు. అది మన దేశం నుంచి వెళ్ళిన ఆలోచనే.

వాస్తవం: ఇది మనవాళ్ళకు బాగా నచ్చే కథ, కానీ నిజం కాదు. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువు పోగులకు, ఉన్న అక్షరం 'జింగ్', జపనీస్‌లో 'క్యో' లేదా 'కెయ్'. బౌద్ధం చైనాకు రాకముందే కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలను ఆ మాటతోనే పిలిచేవారు. పేకకు, అంటే అడ్డపోగుకు, ఉన్న అక్షరంతో ఆ గ్రంథాల పక్కన వచ్చిన అనుబంధ గ్రంథాలకు పేరు పెట్టారు. తర్వాత బౌద్ధ భిక్షువులు సంస్కృత సూత్రాలను అనువదిస్తూ ఉన్న మాటనే వాడుకున్నారు. సంస్కృతంలో సూత్రమంటే దారం, మన మంగళసూత్రంలో ఉన్నది అదే. చెదరకుండా పట్టి ఉంచే మాటకు రెండు జాతులూ వేర్వేరుగా దారం దగ్గరికే వెళ్ళాయి. మన దగ్గర నుంచి వెళ్ళిందనడం కన్నా నాకు ఇదే ఎక్కువ సంతోషం కలిగిస్తుంది.

భూగోళంలో రేఖాంశం పడుగు అక్షరంతో, అక్షాంశం పేక అక్షరంతో రాస్తారు. రెండూ కలిపి రాస్తే జపనీస్‌లో ఒక సంగతి ఎలా మొదలై ఎలా నడిచిందో ఆ పూర్వాపరాలు అని అర్థం. పడుగు పేకలు తెలిసినవాళ్ళకు ఇది కూడా వివరించనక్కర్లేదు.

అపోహ: లేబుల్ మీద ఏ అక్షరం ఉంటే సరుకు అదే.

వాస్తవం: ఇక్కడ తప్పు చేస్తే డబ్బు పోతుంది. ఒక యూనిట్‌లో చైనా నుంచి వచ్చిన తానుపై 'జిన్‌లున్' అని చూసి, అందులో నిషికి అక్షరం ఉంది కాబట్టి పట్టు కలిసిందనుకున్నారు. అది నైలాన్. పేరులోని 'జిన్', చైనాలో దాన్ని మొదట తయారుచేసిన జిన్‌జో అనే ఊరి పేరులోనిది.

దూది విషయం మరీ చిక్కు. చైనీస్‌లో 'మియెన్' అని ఒకే శబ్దానికి రెండు అక్షరాలున్నాయి. ఎడమవైపు చెట్టు ఉంటే దూది, నూలు ఉంటే పట్టుకాయల నుంచి తీసిన పీచు. జపాన్ లేబుళ్ళలో నూలు గుర్తున్న అక్షరానికి మామూలు దూది అని అర్థం. దూది తూర్పు దేశాలకు ఆలస్యంగా వచ్చింది, అంతకుముందు మెత్తటి పీచంటే పట్టు పీచే. జపాన్‌లో పట్టు పీచును ఇప్పటికీ 'మవాతా', అంటే 'అసలు దూది' అంటారు. కాబట్టి రజాయి మీద ఈ అక్షరం కనిపిస్తే ముందు అది ఏ దేశపు లేబులో చూడండి.

'అసా' అనే అక్షరాన్ని నిఘంటువు చూసి గంజాయి జాతి నార అని అనువదించేవాళ్ళున్నారు. జపాన్ లేబులింగ్ నిబంధనల ప్రకారం ఆ మాట అవిసె నారకు, అంటే లినెన్‌కు, రామీ నారకు మాత్రమే చెల్లుతుంది. గంజాయి జాతి నారను మొక్కల పీచు కింద వేరే పేరుతో చూపాలి. ఒక్క అక్షరమే ఉండి దాని పక్కన 100 శాతం అని ఉంటే, ఆ అక్షరం 'వెంట్రుక' అయినా కంగారు పడకండి, అది ఉన్ని, ఎక్కువగా గొర్రెది.

అపోహ: జపాన్ అక్షరాలు చైనావే కాబట్టి అర్థాలూ ఒకటే.

వాస్తవం: జపాన్‌లో చారల బట్టను 'షిమా' అని రాసే అక్షరం చైనాలో చారలేం లేని తెల్ల పట్టుకు, శోకవస్త్రానికి వాడేది. 'కిజునా' అనే అక్షరం 2011 భూకంపం, సునామీల తర్వాత జపాన్‌లో ఆ ఏటి అక్షరంగా ఎన్నికైంది, మనుషుల మధ్య అనుబంధం అనే అర్థంలో. మొదట అది పశువుకు కట్టే పలుపు. చైనాలో ఇప్పటికీ కాలికి అడ్డం తగిలి తూలడమనే అర్థంలో వాడతారు. జపాన్‌వాళ్ళు సొంతంగా కల్పించుకున్నవీ ఉన్నాయి: సమురాయ్‌ల సభా దుస్తులు 'కమిషిమో'కు బట్టల గుర్తు పక్కన 'పైన', 'కింద', గాలిపటానికి గాలి, దాని లోపల గుడ్డ.

అపోహ: ఈ అక్షరాలకూ మనకూ సంబంధం లేదు.

వాస్తవం: షిమా అనే మాటకు జపనీస్‌లో దీవి అని కూడా అర్థం. దక్షిణ దీవుల నుంచి ఓడల్లో వచ్చిన సరుకు కాబట్టి చారల బట్టకు ఆ పేరు వచ్చిందంటారు. ఆ చారల్లో ఒక రకం 'సాంతోమే', ఇవాళ్టి చెన్నైలోని శాంథోమ్ పేరు మీదే. అద్దకం బట్టను 'సరసా' అంటారు. దాన్ని రాసే అక్షరాల్లో రెండోదానికి పల్చటి జాలి బట్ట అని అర్థం ఉండటంతో సరసా జాలి బట్టేననుకునేవాళ్ళున్నారు. ఆ అక్షరాలు శబ్దం కోసం తెచ్చుకున్నవి. వస్తువు మాత్రం మన కోరమాండల్ తీరపు కలంకారీ వంటి నూలు బట్ట. మచిలీపట్నం, పులికాట్‌లలో డచ్చివారి గిడ్డంగులుండేవి, వాళ్ళే నాగసాకికి సరుకు చేర్చేవారు. జపాన్‌లో టీ వేడుక చేసేవాళ్ళు ఆ ముక్కలను పాత్రల సంచులుగా కుట్టించుకుని తరతరాలు దాచుకున్నారు. హికొనే ప్రభువుల ఇంట పోగైన అలాంటి ముక్కలు ఇప్పుడు తోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇంకొకటి. 799లో మికావా తీరానికి ఒక చిన్న పడవలో ఇరవై ఏళ్ళ యువకుడు కొట్టుకొచ్చాడని, అతని దగ్గర పత్తి గింజలున్నాయని జపాన్ రాజచరిత్ర రాసింది. భాష నేర్చుకున్నాక తనది 'తెన్‌జికు' అని చెప్పాడట. తెన్‌జికు అంటే మన దేశం. మరుసటి ఏడు ఆ గింజలు చాలా చోట్ల నాటారు, కానీ పంట నిలవలేదు. ఆ మాట మాత్రం మన దేశపు నూలు బట్టతో పాటు జపాన్‌లో నిలిచింది. ఇవాళ జపాన్ కంపెనీల స్పెక్ షీట్లలో మామూలు టీషర్టు అల్లికకు పేరు 'తెన్‌జికు'. నా బల్ల మీద ఇప్పుడున్న కాగితంలో, తాను రకం అనే గడిలో, అదే రాసుంది.