మూడడుగుల దూరం

విశాఖపట్నం

బుజ్జీ, చిన్నోడా,

ఏటర్రా, ఎలా ఉన్నారు? మీ అమ్మ మొన్న ఫోన్లో చెప్పింది, ఆ బొమ్మ సైనికుల పని సగంలో ఆపేశారట కదా, బుజ్జి ఒకే ఒక్క రౌతు మొహం మీద మూడు ఆదివారాలు కూర్చుందట, చిన్నోడు విసుగెత్తి మిగతావాళ్ళందర్నీ అట్టపెట్టెలో పడేసి మంచం కిందకి తోసేశాడట. నాకు కోపం రాలేదర్రా, నవ్వొచ్చింది, ఎందుకంటే వేసవిలో మీరిక్కడ మర్చిపోయి వెళ్ళిన రెండో పెట్టె ఉంది కదా, అది తీసి నేనే మొదలెట్టేశా. అడక్కుండా విప్పినందుకు సారీ. అందులోనూ మీ సైన్యమే, పన్నెండు మంది ఈటెగాళ్ళు, పన్నెండు మంది విలుకాళ్ళు, ఆరుగురు రౌతులు, ఒక ట్రోల్, అదే ఆ కథల్లో రాక్షసుడు, మొత్తం ముప్పై ఒకటి. ముప్పై అయిపోయాయి, అదీ శుక్లాల ఆపరేషన్ అయిన కళ్ళతో. ఎలా అయ్యాయో చెప్తా, ఓపిగ్గా చదవండి, కొంచెం పొడుగే.

మొదట నేనూ బుజ్జి చేసిన పనే చేశా. ఒక ఈటెగాణ్ణి భూతద్దం కింద పెట్టుకుని కనుగుడ్లు, బెల్టు కొక్కెం, బూటు తాళ్ళు అన్నీ వేస్తూ కూర్చున్నా, ఆరు రోజులు పట్టింది. ఏడో రోజు వాణ్ణి డైనింగ్ టేబుల్ మధ్యలో నిలబెట్టి కుర్చీలో కూర్చుని చూస్తే ఏముంది, మట్టిరంగు ముద్ద, కనుగుడ్లు సరే, అసలు మొహం ఎటుందో తెలీట్లేదు. అప్పుడు షిప్‌యార్డ్‌లో మా మేస్త్రి గుర్తొచ్చాడు. నేను పెయింట్ సెక్షన్లో కొత్తగా చేరినప్పుడు ఓడ రేకుకి ముక్కు ఆనించి బ్రష్ గీత కూడా కనపడకూడదని రుద్దుతుంటే వెనక నుంచి వచ్చి "ఏటి నాయనా, ఓడని ముద్దెట్టుకుంటావేటి, ఎల్లి జెట్టీ మీద నిలబడి సూడు" అన్నాడు. వెళ్ళి చూశా, నేను గంటసేపు రుద్దిన చోటు అసలెక్కడుందో కూడా కనుక్కోలేకపోయా.

మీ సైన్యాన్ని చూసే దూరం మూడడుగులు. టేబుల్ మీద పెట్టి ఆడతారు, నిలబడో కూర్చునో పైనుంచి చూస్తారు, అంతే. అందుకని పెయింటింగ్‌లో ఏ పని చేసినా ముందు ఒకటే అడుక్కోండి, ఇది మూడడుగుల నుంచి కనపడుతుందా లేదా. కనపడకపోతే వదిలెయ్యండి, బుజ్జికి కష్టంగానే ఉంటుంది నాకు తెలుసు.

ఇప్పుడు రంగుల సంగతి, అసలు కథ ఇక్కడే ఉంది. ఓడ పక్కన సరిగ్గా మధ్యలో ఒక చక్రం, దాన్ని కోస్తూ ఒక అడ్డగీత ఉంటుంది చూశారా, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తా. దాన్ని లోడ్ లైన్ మార్కు అంటారు, ప్లిమ్‌సోల్ మార్కు అని కూడా అంటారు, సరుకు ఎక్కించేటప్పుడు ఓడ అంతకన్నా కిందకి మునగకూడదని ఆ గుర్తు. దేశాల మధ్య తిరిగే సరుకు ఓడలకి ఏ దేశమైనా ఒకటే రూలు, ముదురు రంగు ఓడ అయితే ఆ గుర్తు తెల్లగా గానీ పసుపుగా గానీ ఉండాలి, లేత రంగు ఓడ అయితే నల్లగా ఉండాలి. రేవులో దూరంగా నిలబడ్డవాడికి కనపడాలి కదా మరి.

తమాషా ఏంటంటే యూరప్‌లో నైట్లు, అంటే కవచాలేసుకున్న గుర్రపు యోధులు, వాళ్ళు కూడా ఇలాంటి రూలే పెట్టుకున్నారు. 12వ శతాబ్దం నుంచి అక్కడ డాలు మీద, జెండా మీద ఇంటి గుర్తులు వెయ్యడం మొదలైంది, మొహానికి శిరస్త్రాణం పెట్టుకుంటే ఎవడు మనవాడో ఎవడు కాదో ఎలా తెలుస్తుంది చెప్పండి. పసుపు, తెలుపు రెండిటినీ వాళ్ళు లోహాలు అన్నారు, బంగారం వెండి అన్నమాట, ఎరుపు నీలం నలుపు ఆకుపచ్చ ఊదా ఇవేమో రంగులు. లోహం మీద లోహం వెయ్యకూడదు, రంగు మీద రంగు వెయ్యకూడదు. నీలం మీద పసుపు సింహం ఓకే, నీలం మీద నల్ల సింహం కుదరదు. జెరూసలేం రాజ్యం వాళ్ళు మాత్రం తెలుపు మీద బంగారు శిలువలు పెట్టుకుని రూలు తప్పారు, రూలు తప్పినవాటిలో ఆ గుర్తు బాగా ఫేమస్.

చిన్నోడు ఏం చేశాడో ఫోటోలో చూశా, ఒక్కొక్కడికి ఒక్కో రంగు వేశాడు, ఒకడు ఎరుపు ఒకడు ఆకుపచ్చ ఒకడు గులాబీ, విడిగా చూస్తే బాగానే ఉన్నారు గానీ పన్నెండు మందిని కలిపి నిలబెడితే పైడితల్లి జాతరకి వచ్చిన జనంలాగున్నారు తప్ప సైన్యం లాగ లేరు. మూడు రంగులు చాలర్రా. నేను పెద్ద భాగం నీలం పెట్టుకున్నా, దాని పక్కన గంజిపెట్టిన పంచె లాంటి తెలుపు, ఎక్కడో ఒక చోట చిన్నగా పసుపు. ఆ ఈటెగాళ్ళు వేసుకున్న లావుపాటి కోటు ఉంది చూడండి, దాన్ని గాంబెసన్ అంటారు, నారబట్ట పొరలు పొరలుగా వేసి మన బొంత కుట్టినట్టు కుడతారు, దానికి ఆ మాసిన తెలుపు సరిగ్గా సరిపోతుంది. డాలు నీలం, దాని మీద పసుపు చేప. విశాఖ సైన్యం అన్నాక చేప లేకపోతే ఎలా.

పని వరుస చెప్తా. ప్లాస్టిక్ ముక్కలు ఫ్రేమ్ నుంచి కట్ చేశాక అచ్చు గీత ఒకటి మిగులుతుంది, చాకు వెనకవైపుతో గీకెయ్యండి, లేకపోతే తర్వాత రంగు అంతా దాని మీదే పట్టి కనపడుతుంది. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. అతకడానికి ప్లాస్టిక్ సిమెంట్ మంచిది, అది ప్లాస్టిక్‌ని కొద్దిగా కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. ఫెవిక్విక్ వాడితే మన ఊరి తేమకి చుట్టూ తెల్లగా బూడిద పట్టినట్టు వస్తుంది. సందులుంటే ఎం-సీల్ పెట్టి తడి వేలితో నున్నగా చెయ్యండి, కొండపల్లి వాళ్ళు చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో బొమ్మలకి కాళ్ళూ చేతులూ అతుకుతారే, అలాంటిదే అనుకోండి.

తర్వాత ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే అడుగు పూత, స్ప్రే డబ్బాలో వస్తుంది. స్ప్రే సంగతి మాత్రం నిదానంగా వినండి, ఇందులో నేను దెబ్బ తిన్నా. ఓడకి పెయింట్ వేసేటప్పుడు గాలిలో తేమ 85 శాతం దాటితే పని ఆపేస్తాం, రేకు వేడి కూడా డ్యూ పాయింట్ కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, డ్యూ పాయింట్ అంటే గాలిలో ఉన్న తేమ నీళ్ళై కూర్చునే వేడి, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి చెమట పడుతుంది చూడండి, అదీ. ముప్పై ఏళ్ళు ఈ లెక్క చూసి పని చేసినవాణ్ణి, బుద్ధుందా నాకు, ఆగస్టులో ఒక ముసురు సాయంత్రం మేడ మీదకెళ్ళి రంగులన్నీ అయిపోయిన పన్నెండు మంది ఈటెగాళ్ళకి మ్యాట్ వార్నిష్, అంటే పైన వేసే మెరుపులేని పూత, స్ప్రే కొట్టా. పొద్దున్న లేచి చూస్తే పన్నెండు మందీ విబూది పూసుకున్న జంగమదేవరల్లాగ తెల్లగా నిలబడున్నారు. తేమ వార్నిష్ పొరలో ఇరుక్కుంటే అంతే అవుతుంది. మీ అమ్మమ్మ చూసి "కార్తీకమాసం ఇంకా రాలేదే" అంది. తర్వాత ఎండ బాగా కాసిన రోజు చూసి మెరుపొచ్చే గ్లాసీ వార్నిష్ ఒక పూత బ్రష్‌తో వేస్తే చాలామట్టుకు రంగులు వెనక్కి వచ్చాయి, ఇద్దరికి మాత్రం ఇంకా కొంచెం బూడిద ఉంది, వాళ్ళని వెనక వరసలో పెట్టా.

కాబట్టి స్ప్రే కొట్టేది పొద్దున్న ఎండ వచ్చాక, వాన లేని రోజు, బయట, మాస్క్ పెట్టుకుని, అడుగు కన్నా కొంచెం తక్కువ దూరం నుంచి, చెయ్యి ఆపకుండా. మరీ మండుటెండా గాలీ ఉన్నప్పుడు కూడా వద్దు, రంగు బొమ్మని చేరేలోపే గాల్లోనే ఎండిపోయి గరుకుకాగితం లాగ అవుతుంది. హార్డ్‌వేర్ షాపు డబ్బా అయితే ముందు పారేసే ఫ్రేమ్ ముక్క మీద కొట్టి చూడండి, కొన్నిట్లో ఉండే థిన్నర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. ఇంత గొడవ ఎందుకనుకుంటే బ్రష్‌తో వేసే ప్రైమర్ తెచ్చుకోండి, నేనిప్పుడు అదే వాడుతున్నా.

రంగులు ఆక్రిలిక్. ట్యూబులో ఉన్నట్టే వేస్తే అట్లపిండి పోసినట్టు మందంగా కూర్చుని మొహాలు పూడిపోతాయి, నీళ్ళు కలిపి పాలంత పల్చన చేసుకుని రెండు పూతలు వెయ్యండి. బ్రష్ మాత్రం మరీ సన్నది వద్దు, సున్నా సున్నా సున్నా నెంబర్లు చూసి మోజు పడతారు గానీ దాంట్లో రంగు చుక్క కూడా ఆగదు, బొమ్మ దగ్గరికి తెచ్చేలోపు ఎండిపోతుంది. ఒకటో నెంబరు, మొన మంచిగా ఉంటే చాలు. వెంట్రుకలు మొదలయ్యే ఆ రేకు దాకా ముంచకండి, అక్కడ రంగు ఎండిందంటే మొన విచ్చుకుపోతుంది, ఇంక ఆ బ్రష్ దుమ్ము దులుపుకోడానికే.

ఆరుగురిని ఒకేసారి పెట్టుకోండి. దగ్గు సిరప్ సీసాల మూతలు దాచిపెట్టుకుని వాటి మీద బొమ్మల్ని అంటించుకుంటే పట్టుకోడానికి వీలుగా ఉంటుంది. ఆరుగురికీ కోట్లు, తర్వాత ఆరుగురికీ డాళ్ళు, ఆరోవాడికి వేసేలోపు మొదటివాడు ఆరిపోయి ఉంటాడు, ఖాళీగా కూర్చునే పనుండదు. రోజుకి అరగంట చాలు.

ఇప్పుడొక ప్రశ్న. ఏటికొప్పాక లక్కబొమ్మలు మీ షెల్ఫ్‌లో ఉన్నాయి కదా, అంకుడు కర్ర మీద లక్క రంగు పట్టించినవి, వాటికి ఎవరైనా నీడలు వేశారా? వెయ్యలేదు, అయినా ఎంత బావుంటాయి. అది నున్నగా గుండ్రంగా ఉంటుంది, పడ్డ వెలుతురు దాని మీద జారి దాని మెరుపు అదే తెచ్చుకుంటుంది. మన సైనికుడు అలా కాదు, 28 మిల్లీమీటర్లు అంటే ఇంచుమించు పాదం నుంచి కళ్ళ దాకా వాడి ఎత్తు, అంతలోనే వంద మడతలు, అంత చిన్న మడతలో పడే నీడ మూడడుగుల నుంచి కంటికి ఆనదు. అందుకని ఆ నీడని మనమే రంగుతో వెయ్యాలి. దానికి వాష్ అని ఒకటుంది, బాగా పల్చటి మట్టిరంగు, బొమ్మంతా పూసేస్తే మిట్టల మీద నుంచి జారి గుంటల్లోకి దిగి ఆగుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే బ్రౌన్ ఆక్రిలిక్‌లో బోలెడు నీళ్ళు పోసి గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వెయ్యండి, తలతన్యత అని సైన్సు పుస్తకంలో చదివారు కదా, సబ్బు దాన్ని తగ్గిస్తుంది, లేకపోతే నీళ్ళు చుక్కలు చుక్కలుగా నిలబడి మరకలు కడతాయి. వాష్ వేశాక మొదటి ఐదు నిమిషాలు పాడైపోయింది అనిపిస్తుంది, ముట్టుకోకండి. ఆరనివ్వండి. మా ఈటెగాళ్ళు అలా ఆరాకే మనుషులయ్యారు.

గొలుసు కవచానికి ఇంకా సులువు. నల్లగా వేసి, వెండిరంగు బ్రష్‌కి పట్టించి, గుడ్డకి దాదాపు అంతా తుడిచేసి, ఆ పొడి బ్రష్‌తో పైపైన రాస్తే ఎత్తుగా ఉన్న గొలుసు రింగులకి మాత్రమే పట్టుకుంటుంది. దీనికి పాత మేకప్ బ్రష్ చాలా బాగా పనికొస్తుంది, మీ అమ్మది పాతది అడిగి తీసుకోండి, అడిగి అన్నాను.

కళ్ళు వెయ్యకండి. నిజంగానే చెప్తున్నా. తెల్లచుక్క మీద నల్లచుక్క పెడితే దెయ్యాన్ని చూసినట్టు గుడ్లు మిటకరిస్తారు, వాష్ దిగి కంటిగుంట నల్లబడితే చాలు, దూరం నుంచి చూపు ఉన్నట్టే ఉంటుంది. ఒంటి రంగు గులాబీ వెయ్యాలని కూడా ఎక్కడా లేదు, ట్రోళ్ళు ఉన్న లోకంలో మనోళ్ళ చామనచాయ ఎందుకుండకూడదు.

కింద బేస్‌కి ఫెవికాల్ రాసి ఇసక చల్లాలి. నేను ఆర్కే బీచ్ నుంచి గుప్పెడు తెచ్చా, కానీ సముద్రపు ఇసకలో ఉప్పుంటుంది, నాలుగుసార్లు మంచినీళ్ళలో కడిగి ఎండబెట్టా, లేకపోతే తర్వాత తెల్లగా ఉప్పు పైకి తేలుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మట్టి తెస్తానని చిన్నోడు అంటాడు నాకు తెలుసు, ఆ రంగు బావుంటుంది నిజమే గానీ అది కాపాడుకోవాల్సిన భూవారసత్వ ప్రదేశం, చిటికెడు కూడా తియ్యకూడదు, ఆ ఎరుపు మనం కలుపుకుందాం. కొబ్బరిపీచు చిన్నగా కత్తిరించి నిలబెడితే ఎండుగడ్డి, మరిగించిన టీపొడి బాగా ఆరబెట్టి చల్లితే రాలిన ఆకులు. అందరికీ ఒకే నేల పెట్టండి, రంగులో కాస్త తేడాలున్నా నేల ఒకటైతే ఒకే ఊరి సైన్యం లాగ కనపడతారు.

దాచడానికి స్టీలు జంతికల డబ్బా తీసుకుని బేసుల కింద చిన్న అయస్కాంతాలు అంటించా, డబ్బా అటూ ఇటూ కదిపినా ఎవడూ పడట్లేదు. జంతికలు ఎక్కడ పెట్టాలని మీ అమ్మమ్మ రోజూ అడుగుతోంది, నేను వినపడనట్టు ఉంటున్నా.

ట్రోల్‌ని మాత్రం ముట్టుకోలేదు. వాడు ఒక్కడే పెద్దవాడు, వాడి మొహం మూడడుగుల నుంచి కూడా కనపడుతుంది, పళ్ళూ పులిపిర్లూ అన్నీ, అందుకని వాణ్ణి బుజ్జికి ఉంచా, ఎన్ని ఆదివారాలైనా కూర్చోవచ్చు. దసరాకి వచ్చేటప్పుడు చిన్నోడు ఆ మంచం కింద పెట్టె మర్చిపోకుండా తెస్తే రెండు సైన్యాలూ పెట్టి ఆడదాం. బొమ్మల కొలువులో కింది మెట్టు వీళ్ళకి ఇస్తానని మీ అమ్మమ్మ ఒప్పుకుంది, కానీ ట్రోల్ అమ్మవారికి ఎదురుగా నిలబడ్డానికి వీల్లేదంటోంది, మహిషాసురుడు నిలబడగా లేనిది వీడికేమైందని నేనన్నా, వినట్లేదు. అదేదో మీరొచ్చి మాట్లాడుకోండి.

మీ తాతయ్య