ఆ ఇద్దరికీ ఊళ్ళో చోటు దొరకడానికి పట్టిన కాలం

ఇంగ్లిష్‌లో వస్తున్న గే ప్రేమ నవలలు చదివేవాళ్ళకు ఈ కథ బాగా పరిచయం. ఎప్పుడో ఊరు వదిలి నగరానికి వెళ్ళిపోయినవాడు తిరిగొస్తాడు. తండ్రి పోయాడనో, ఇల్లు అమ్మాలనో ఏదో కారణం. స్కూల్లో తనతో మాట్లాడ్డానికే భయపడినవాడు ఇప్పుడు అదే ఊళ్ళో కార్లు రిపేరు చేస్తూ ఉంటాడు. మూడొందల పేజీలు గడిచేసరికి ఇద్దరూ అక్కడే, అందరి కళ్ళ ముందే, కాపురం పెడతారు. ముగింపు ఏమిటో పాఠకులకు ముందే తెలుసు. అది తెలిసే పుస్తకం కొంటారు.

ఇది కాలక్షేపం సరుకని తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. ఈ కథలో ఉన్నవి రెండే: సుఖాంతం, సొంతూరు. స్వలింగ ప్రేమ కథకు ఆ రెండూ వందేళ్ళపాటు అందలేదు.

ముందు సుఖాంతం సంగతి. ఇంగ్లండ్‌లో 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌కు మగవాళ్ళతో సంబంధాలు పెట్టుకున్న నేరానికి రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. ఆ భయం ఇంకా పచ్చిగా ఉన్న 1913-14లో నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ ‘మారిస్’ అనే నవల రాశాడు. కనీసం కథలోనైనా ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకుని కలిసి బతకాలని ఆయన పట్టుబట్టాడు. ఆ పట్టుదల వల్లే నవల ఆయన బతికుండగా అచ్చు కాలేదు. 1960లో రాసిన మలిమాటలో ఆయనే అన్నాడు: ఉరితాడుతోనో జంట ఆత్మహత్యతోనో ముగించి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదని. 1967లో ఇంగ్లండ్‌లో ఇలాంటి సంబంధాలను నేరంగా చూసే చట్టం సడలింది. 1970లో ఆయన పోయాడు. 1971లో పుస్తకం వచ్చింది. అంత పట్టుబట్టిన మనిషి కూడా ఆ జంటకు ఒక ఊరు ఇవ్వలేకపోయాడు. ఇద్దరినీ అడవిలోకి పంపాడు. వాళ్ళను ఉండనిచ్చే వీధి ఏదీ ఆయన ఊహకు అందలేదు.

అమెరికాలో సుఖాంతాన్ని అడ్డుకునే కాపలా పని పోస్టాఫీసు చేసింది. అశ్లీలమనుకున్నదాన్ని టపాలో పంపకూడదని 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం. పుస్తకాలూ పత్రికలూ పోస్టులోనే కదా ఊరూరికీ చేరేది. 1952లో మెరిజేన్ మీకర్ ఇద్దరు అమ్మాయిల ప్రేమ మీద చవక పేపర్‌బ్యాక్ నవల ఒకటి రాసింది. ముగింపు సుఖంగా ఉంటే పోస్టాఫీసువాళ్ళు పట్టుకుంటారు, కుదరదని ఎడిటర్ ముందే చెప్పేశాడు. దాంతో ఒక అమ్మాయికి పిచ్చెక్కింది, రెండోది నాకసలు అలాంటి ప్రేమే లేదు అనుకుంది. పుస్తకం లక్షల కాపీలు అమ్ముడుపోయింది. ఆ ముగింపు చదివి, మా బతుకూ ఇంతే కాబోలు అనుకున్న అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది.

రెండేళ్ళకు ఇది కోర్టుకెక్కింది. ‘వన్’ అనే స్వలింగుల పత్రిక 1954 అక్టోబరు సంచికను లాస్ ఏంజెలెస్ పోస్టాఫీసు ఆపేసింది. అభ్యంతరం చెప్పిన రచనల్లో ఒకటి చిన్న కథ. అందులో ఒక అమ్మాయి మగవాడితో పెళ్ళి కాదనుకుని తను ప్రేమించిన స్త్రీతో ఉండిపోతుంది. అప్పీలు కోర్టుకు ఆ కథ అశ్లీలంగా కనిపించింది. 1958 జనవరిలో సుప్రీంకోర్టు, ఏ వివరణా ఇవ్వకుండానే, ఆ తీర్పును కొట్టేసింది. సుఖాంతానికి టపా దారి తెరుచుకున్నది అప్పుడే.

ఊరి సంగతి ఇంకా చిక్కు. రెండో ప్రపంచ యుద్ధం పల్లెల కుర్రాళ్ళను లక్షలుగా రేవు నగరాలకు చేర్చింది. తమలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని చాలామందికి తెలిసింది అక్కడే. సైన్యం నుంచి స్వలింగులని ముద్ర వేసి పంపేసినవాళ్ళు ఆ కాగితం పట్టుకుని ఇంటికెళ్ళలేక శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్‌లలో ఆగిపోయారు. 1969లో న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ అనే గే బార్ మీద పోలీసులు దాడి చేస్తే జనం తిరగబడ్డారు, ఆ తర్వాత ఈ వలస ఇంకా పెరిగింది. కథలూ ఆ దారే పట్టాయి. ఊరంటే ఊపిరాడని చోటు, బస్సెక్కి పారిపోవాల్సిన చోటు. 1995లో మానవ శాస్త్రవేత్త కాత్ వెస్టన్ ఈ ధోరణి మీదే ఒక వ్యాసం రాసింది. నగరం చేరితేనే నీ బతుకు మొదలవుతుందనే నమ్మకం ఎలా పాతుకుపోయిందో అందులో చూపించింది.

కానీ అందరూ వెళ్ళిపోలేదు. అమెరికా మగవాళ్ళ లైంగిక జీవితం మీద వచ్చిన 1948 నాటి కిన్సే నివేదికలోనే పశువుల కాపర్లు, కలప కొట్టేవాళ్ళ మధ్య ఇలాంటి సంబంధాల ప్రస్తావన ఉంది. చరిత్రకారుడు జాన్ హోవర్డ్ 1999లో మిసిసిపీ రాష్ట్రం మీద పుస్తకం తెచ్చాడు. చర్చిలు, పొలాలు, కార్లు, హైవే పక్కన చోట్లు... అన్నిచోట్లా ఈ ప్రేమలు నడిచాయని, చుట్టుపక్కలవాళ్ళు తెలిసీ తెలియనట్టు ఊరుకున్నారని అందులో రాశాడు. ఊళ్ళో మనుషులున్నారు. వాళ్ళ కథే లేదు.

తిరిగి రావడమనే మలుపు మాత్రం ప్రేమ నవలలు పుట్టించినది కాదు. అది ఎయిడ్స్ కాలంలో నిజంగా జరిగింది. టెన్నెసీలోని జాన్సన్ సిటీలో పనిచేసిన డాక్టర్ అబ్రహాం వర్గీస్ 1994లో తన అనుభవాలను పుస్తకంగా రాశారు. అంత చిన్నచోటికి ఇంతమంది రోగులు ఎక్కణ్ణుంచి వస్తున్నారని ఆయన మ్యాపు ముందు పెట్టుకుని చూస్తే విషయం బయటపడింది. చాలామంది ఆ ప్రాంతంలో పుట్టి, పెద్ద నగరాలకు వెళ్ళినవాళ్ళు. జబ్బు పడ్డాక అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశారు. ఇవాళ్టి నవలల్లో సూట్‌కేసుతో కారు దిగే హీరోను చూసినప్పుడల్లా నాకు వాళ్ళే గుర్తొస్తారు. వాళ్ళు వచ్చింది చనిపోవడానికి.

1997లో రచయిత్రి ఆనీ ప్రూ వయోమింగ్ రాష్ట్రం నేపథ్యంగా రాసిన ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ కథ వచ్చింది. ఇద్దరు పశువుల కాపర్లు, ఒకరికి చావు, ఒకరికి ఒంటరితనం. ఏడాది తిరిగేసరికి అదే రాష్ట్రంలో లారమీ పట్టణంలో 21 ఏళ్ళ గే విద్యార్థి మాథ్యూ షెపర్డ్ హత్య. చిన్న ఊరంటే ఇదే అన్న భయం మరింత గట్టిపడింది.

ఇలాంటి వాతావరణంలో సుఖాంతం ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రేమ నవలల ప్రపంచం నుంచి. చివర్లో ఆశ మిగలాలన్నది అక్కడ మొదటి నియమం. 1970ల నుంచి ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్ అభిమానులు, ఎక్కువగా ఆడవాళ్ళు, అందులోని ఇద్దరు మగ పాత్రలు కిర్క్, స్పాక్‌ల మధ్య ప్రేమ కథలు రాసి చేతికి చేతికి అందించుకున్నారు. 2007లో అమెజాన్ ఈ-బుక్ పరికరం కిండిల్ వచ్చాక పబ్లిషర్ అనుమతి లేకుండానే ఎవరైనా పుస్తకం పెట్టే వీలు కలిగింది. ఇంకోపక్క చట్టమూ కదిలింది. 2009లో అమెరికాలోని అయోవా రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా స్వలింగ పెళ్ళిళ్ళకు ఒప్పుకుంది. పెద్ద నగరాలది కాదు, మొక్కజొన్న పొలాల రాష్ట్రం కావడం వల్ల ఆ తీర్పుకు ప్రత్యేకత ఉంది. 2015లో దేశమంతా ఆ హక్కు వచ్చింది. ఊళ్ళో పెళ్ళితో ముగిసే కథ ఊహగా మిగలాల్సిన అవసరం పోయింది.

ఈ నవలల మీద విమర్శా ఉంది. రాసేవాళ్ళలో చాలామంది గే మగవాళ్ళు కాదని, ఊరి క్రూరత్వాన్ని తుడిచేసి తియ్యగా చూపిస్తారని. మొదటి దానిమీద గొడవ ముదిరి 2009లో ఇలాంటి సాహిత్యానికిచ్చే లామ్డా పురస్కారాలను స్వలింగ, ట్రాన్స్ రచయితలకే పరిమితం చేశారు, 2011లో సడలించారు. రెండోదానికి నా జవాబు కెనడా టీవీ సీరియల్ ‘షిట్స్ క్రీక్’. కథ జరిగే ఆ చిన్న ఊళ్ళో ద్వేషానికి చోటివ్వనని సీరియల్ సృష్టికర్తల్లో ఒకడైన డాన్ లెవీ కావాలనే నిర్ణయించుకున్నాడు. ద్వేషం లేదని చెప్పడం వేరు, లేకపోతే ఎలా ఉంటుందో చూపించడం వేరు.

అసలు ఊళ్ళల్లో మాత్రం పేచీ తెగలేదు. అమెరికా గ్రామీణ ప్రాంతాల్లో 29 నుంచి 38 లక్షల మంది ఎల్జీబీటీ (స్వలింగ, ద్విలింగ ప్రేమికులు, ట్రాన్స్) మనుషులున్నారని 2019 నాటి ఒక అంచనా. మిషిగన్‌లోని జేమ్స్‌టౌన్ అనే చిన్నచోట, లైబ్రరీలో వాళ్ళ కథలున్న పుస్తకాలు ఉంచారన్న కోపంతో 2022లో జనం రెండుసార్లు ఓటేసి దాని నిధులు ఆపేశారు. మూతపడే పరిస్థితి వచ్చింది. 2023 నవంబరులో మళ్ళీ ఓటింగ్ పెట్టారు. ఈసారి నిధులకు అవునన్నవాళ్ళే ఎక్కువమంది.