వార్డులో ఉన్నారు, కేస్ షీట్‌లో లేరు: పర్సనాలిటీ డిజార్డర్లపై అపోహలు - వాస్తవాలు

సైకియాట్రీ వార్డులో రౌండ్స్ అయ్యాక కేస్ షీట్లు తిరగేస్తే కనిపించే పేర్లు ఎప్పుడూ అవే: స్కిజోఫ్రీనియా, బైపోలార్, డిప్రెషన్, మద్యం వ్యసనం. పర్సనాలిటీ డిజార్డర్ (మనిషి ఆలోచించే, మెలిగే తీరే ఏళ్ల తరబడి బాధ తెచ్చిపెట్టే సమస్య, ఇందులో చాలా రకాలున్నాయి) అని రాసి ఉండడం చాలా అరుదు. పీజీ రోజుల్లో నేనూ ఇదేదో పాశ్చాత్య దేశాల జబ్బని అనుకున్నాను. అది తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన రోగులు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అపోహ: మన దగ్గర నూటికి ఒక్కరు

ఈ మాటకు ఆధారం లేకపోలేదు. చండీగఢ్ పీజీఐ సైకియాట్రీ ఓపీ రికార్డులను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో పర్సనాలిటీ డిజార్డర్లు 1.07 శాతమే. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో సైకియాట్రిస్టు జిమర్మన్ బృందం 859 మంది ఓపీ రోగులను చూసి 2005లో ఇచ్చిన లెక్క 31.4 శాతం. ఏ ఒక్క రకంలోనూ పూర్తిగా ఇమడని వాళ్లనూ కలిపితే 45.5.

అక్కడి మనుషులు వేరు, మన మనుషులు వేరు అనుకునే ముందు అదే జిమర్మన్ 1999లో చూపించిన ఇంకో లెక్క చూడండి. మామూలుగా డాక్టరు మాట్లాడి రాసినప్పుడు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (వదిలేస్తారన్న భయం, గంటల్లో మారే మనసు ఉండే రకం) 0.4 శాతం మందిలో కనిపించింది. వరస ప్రశ్నలతో పద్ధతిగా అడిగితే 14.4 శాతం. ఊరు అదే, ఓపీ అదే. మారింది అడిగిన తీరు.

వార్డులో ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 13 దేశాల్లో చేయించిన సర్వేలో సాధారణ జనంలో అన్ని రకాలూ కలిపి సుమారు 6 శాతం. అదే బోర్డర్‌లైన్ ఒక్కటే మానసిక వైద్య ఓపీల్లో 10 శాతం, వార్డుల్లో 20 శాతం దాకా ఉంటుందని అమెరికన్ సైకియాట్రిస్టుల రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎమ్ అంచనా. ఆశ్చర్యమేం లేదు. ఆత్మహత్యాయత్నం, చేతులు కోసుకోవడం, ఆపుకోలేని కోపం, మద్యం... మనిషిని వార్డు దాకా తెచ్చేవి ఇవే కదా.

మరి మనకెందుకు కనిపించదు? రద్దీ ఓపీలో ఒక్కో రోగికి దొరికేది కొద్ది నిమిషాలు. వెంట వచ్చినవాళ్లు ఈ వారం ఏం జరిగిందో చెబుతారు. వ్యక్తిత్వం తెలియాలంటే పదేళ్ల కథ కావాలి. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: చీటీ మీద మాత్ర రాయగలిగే జబ్బు పేరే మా కలానికి ముందు తడుతుంది.

ఇరవై రెండేళ్ల అమ్మాయి, నాలుగోసారి అడ్మిషన్ (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). మొదటి రెండు షీట్లలో డిప్రెషన్, మూడో దాంట్లో బైపోలార్. మూడు రకాల మందులు. "చిన్నప్పట్నుంచీ ఇంతే మేడమ్, మొండిది" అంది తల్లి. ఆ "చిన్నప్పట్నుంచీ" దగ్గర ఆగి ఎవరూ అడగలేదు. బైపోలార్‌లో ఉద్రేకం రోజులు, వారాల పాటు సాగుతుంది. ఈ అమ్మాయికి మనసు గంటల్లో మారుతోంది, అదీ ప్రతిసారీ ఎవరో ఒకరు తనను వదిలేస్తారన్న భయం తర్వాతే.

అపోహ: ఒక మనిషిలో ఇద్దరు మనుషులు

అది సినిమాల్లో చూపించే వేరే సమస్య. పర్సనాలిటీ డిజార్డర్‌లో మనిషి ఒక్కరే. తనను తాను చూసుకునే తీరు, ఎదుటివాళ్లతో మెలిగే తీరు ఏళ్ల తరబడి తనకో, చుట్టూ ఉన్నవాళ్లకో బాధ తెచ్చిపెడుతూ ఉంటుంది.

అపోహ: ఇదంతా నాటకం

ఇంట్లోవాళ్లే కాదు, మేమూ అంటాం. బ్రిటన్‌లో 1988లో లూయిస్, ఆపిల్‌బీ అనే ఇద్దరు సైకియాట్రిస్టులు తోటి డాక్టర్లకు కేసు వివరాలిచ్చి అభిప్రాయం అడిగారు. కేసులో "గతంలో పర్సనాలిటీ డిజార్డర్" అన్న మాట చేరగానే ఆ రోగి సతాయించే మనిషిగా, వైద్యానికి అంత అర్హత లేని మనిషిగా కనిపించడం మొదలైంది.

అందుకే నాకు రెండో వైపు భయమూ ఉంది. ఎదురు మాట్లాడిన ప్రతి రోగికీ ఈ పేరు తగిలించకూడదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఎవరైనా బెరుగ్గా, ఇతరుల మీద ఆధారపడేవాళ్లలాగే ఉంటారు. మేనియాలో (బైపోలార్‌లో వచ్చే ఉద్రేక దశలో) సాధువైన మనిషి కూడా చేయి చేసుకుంటాడు. ఆ దశ తగ్గాక, మనిషిని చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లతో మాట్లాడాకే నేను ఈ పేరు రాస్తాను.

అపోహ: పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు

ఈ సామెత వార్డులో విన్నప్పుడల్లా నాకు జనరీని బృందం గుర్తొస్తుంది. అమెరికాలోని మెక్‌లీన్ మానసిక వైద్య ఆసుపత్రిలో చేరిన 290 మంది బోర్డర్‌లైన్ రోగులను వాళ్లు ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చారు. పదేళ్లలో 93 శాతం మందికి లక్షణాలు తగ్గాయి, కనీసం రెండేళ్ల పాటు తిరిగి రాలేదు. ఉద్యోగం, బంధాలు కూడా నిలదొక్కుకున్నవాళ్లు మాత్రం సగం మందే. ఆ రెండో సంఖ్యను దాచిపెట్టి ఆశ చూపించడం నాకిష్టం లేదు.

మందుల మాట

అమెరికన్ సైకాలజిస్టు మార్షా లినెహన్ 1991లో ఫలితాలు ప్రకటించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) లాంటి మాటల చికిత్సలే బోర్డర్‌లైన్‌కు ప్రధానం. ఈ జబ్బు కోసమని ప్రత్యేకంగా మందులు వాడవద్దని బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే సంస్థ నైస్ మార్గదర్శకాలు 2009లోనే చెప్పాయి. తోడుగా డిప్రెషన్ ఉంటే దానికి మందు ఇస్తాం, అది వేరు.

మీ ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రికి తీసుకొస్తే ఈ వారం గొడవతో ఆపేయకండి. పదిహేనేళ్ల వయసులో ఎలా ఉండేవారు, స్నేహాలు ఎంతకాలం నిలిచేవి, ఒంటరిగా వదిలేస్తే ఏమయ్యేది, ఇంతకుముందు ఎప్పుడైనా చావాలనుకున్నారా... ఇవన్నీ చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి. చచ్చిపోవాలన్న మాట నోటి నుంచి వస్తే ఓపీ రోజు దాకా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు.