పరగడుపున వేసుకుంటే సరిపోదు: గ్యాస్ గోలీపై అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో మా మందుల షాపుకు వచ్చి గ్యాస్ గోలీ అడగని రోజు లేదు. ఎప్పుడు వేసుకోవాలని అడిగేవారు మాత్రం అరుదు.

అపోహ: పరగడుపున మింగితే చాలు.

ఇందులో సగమే నిజం. మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే ఒక హమాలీ తెల్లవారుజామున నాలుగున్నరకే పాంటోప్రజోల్ అనే గ్యాస్ గోలీ మింగి, పదింటికి టిఫిన్ తినేవాడు. నెల గడిచినా ఛాతీలో మంట తగ్గలేదు. నకిలీ మందు అంటగట్టానని నాతో తగవుకు దిగాడు.

మందు మంచిదే, వేళే తప్పింది. పొట్ట గోడ కణాల్లో ఆమ్లాన్ని తోడే ప్రోటాన్ పంపులుంటాయి. తిండి పడినప్పుడే వాటిలో ఎక్కువ భాగం నడుస్తాయి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్ వంటివి నడుస్తున్న పంపునే కట్టేయగలవు. మందేమో రక్తంలో గంట, రెండు గంటల్లోనే సగానికి పడిపోతుంది. ఇక పదింటికి పంపులు నడిచేనాటికి మిగిలేదెంత? అందుకే మాత్రకూ తిండికీ మధ్య 30 నుంచి 60 నిమిషాలే ఉండాలి. మాత్రను జేబులో పెట్టుకుని వెళ్లి తొమ్మిదిన్నరకు వేసుకోమన్నాను. తరువాత మళ్లీ తగవుకు రాలేదు.

వోనోప్రజాన్ అనే కొత్త రకానికి తిండితో ఈ లంకె లేదు. చీటీలో ఏది రాశారో చూసుకోండి.

అపోహ: మంట పుట్టగానే వేసుకుంటే వెంటనే తగ్గాలి.

ఒక్క మోతాదుకు పంపులన్నీ చిక్కవు. పూర్తి ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు ఉపశమనం కావాలంటే యాంటాసిడ్ సిరప్ ఉంది, కాకపోతే దాని బలం కొద్దిసేపే. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానికీ సిరప్‌కూ నాలుగు గంటల ఎడం పాటించాలి.

అపోహ: రాత్రి మంటకు పడుకునే ముందు వేసుకోవాలి.

పాంటోప్రజోల్ అయితే రాత్రి భోజనానికి ముందే. పడుకునే ముందు వేసుకోదగినది ఫామోటిడిన్ అనే వేరే రకం గోలీ. రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లో దాని పదును తగ్గుతుంది.

అపోహ: నమిలితే త్వరగా పని చేస్తుంది.

పైపూత ఉన్నదే పొట్టలోని ఆమ్లం నుంచి మందును కాపాడటానికి. నమిలితే ఆ రక్షణ పోతుంది.

అపోహ: యాంటీబయాటిక్ రాస్తే గ్యాస్ గోలీ కూడా ఉండాల్సిందే.

అందరికీ అవసరం లేదు. ఇది మన దగ్గర పాతుకుపోయిన అలవాటు, మా షాపులకు లాభసాటి కూడా. అలా మొదలైన గోలీని ఏళ్ల తరబడి లాగుతారు. దీర్ఘకాలం వాడితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు. అలాగని ఒక్కసారిగా మానేస్తే ఆమ్లం రెట్టింపు కోపంతో తిరిగి రావచ్చు. డాక్టర్‌ను అడిగి మెల్లగా తగ్గించాలి. గుండెకు క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్‌ను సొంతంగా కొనకూడదు.

ముద్ద మింగుడు పడకపోయినా, మలం తారులా నల్లగా వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, ఛాతీ నొప్పి చేతికీ దవడకూ పాకినా నేను గోలీ ఇవ్వను. ఎంజీఎం ఆసుపత్రి వైపు వెళ్లే ఆటో ఎక్కిస్తాను.