పేపరుకి ఇస్త్రీ ఎందుకు చేశారంటే

అమలాపురం

పిల్లలిద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో రెండు ప్రశ్నలు వేసి, నేను నోరు విప్పేలోగా మీ అమ్మ పిలుస్తోందని పెట్టేశారు. పాతకాలం సీరియళ్లలో చూపించేవన్నీ నిజంగా అలాగే ఉండేవా అన్నది ఒకటి. డాన్స్ షోల్లో డాన్సే రానివాళ్లకి అన్నన్ని మార్కులు ఎందుకు వేస్తారన్నది రెండోది. ఫోన్లో తేలే సంగతులు కావు కాబట్టి రాస్తున్నాను. సెలవుల్లో మీరు టీవీకి తగిలించి వెళ్లిన ఆ కనెక్షన్ పుణ్యమా అని నేనూ తెగ చూస్తున్నాను లెండి. వార్తలు పెట్టవే అని సణుగుతూనే తాతయ్య కూడా పక్కన కూచుని చూస్తున్నారు.

ముందు ఆ 'డౌన్టన్ యాబీ' సీరియల్ సంగతి, ఒక దొరగారి కుటుంబం, వాళ్ల నౌకర్ల కథ. ఇంగ్లండులో 2010లో మొదలై 2015 క్రిస్మస్‌తో అయిపోయింది. కథ 1912లో టైటానిక్ ఓడ మునిగిందన్న కబురుతో మొదలవుతుంది. కథలో ఆ దొరగారి బంగళా యార్క్‌షైర్‌లో ఉన్నట్టు చెబుతారు గానీ, తీసింది హాంప్‌షైర్‌లోని హైక్లియర్ కోటలో. మొదటి భాగంలోనే తెల్లవారకముందు వంటింటి పనిపిల్ల ఒకతె గదిగదికీ తిరిగి చలిమంటలు రాజేస్తుంది. ఇంకాసేపటికి దొరగారి పేపరుకి ఇస్త్రీ పెడతారు. మీరు పగలబడి నవ్వారు గుర్తుందా? అచ్చు సిరా ఆరడానికట! లేకపోతే దొరగారి వేళ్లకి నలుపు అంటుతుంది. చలికి మంట, వేళ్లకి మసి అంటని పేపరు, రెండూ ఆయన లేచేసరికి సిద్ధం. పట్టుచీరలు, పెద్ద పెద్ద దీపాలు ఎవరైనా చూపిస్తారు. ఇలాంటి ముక్క చూపించాలంటే ఆ కాలం గురించి కూర్చుని తెలుసుకున్నవాళ్లు ఉండాలి.

అలాంటివాళ్లూ తప్పులు చేస్తారు. 2014లో ప్రచారం కోసం ఒక ఫొటో వదిలారు. 1924 నాటి గది, కోట్లు, గౌన్లు, అన్నీ భేషుగ్గా ఉన్నాయి. వెనక చలిమంట గూటి మీద మాత్రం ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా! లోకమంతా నవ్వింది. ఆ నటులూ గడుసువాళ్లే. తలో సీసా పట్టుకుని మళ్లీ ఫొటో దిగి, పేదలకి మంచినీళ్లు అందించే వాటర్‌ఎయిడ్ సంస్థకి ప్రచారం చేసిపెట్టారు.

ఇలాంటి సీసాలు వెతకడం సరదాయే, వెతకండి. నాకు నమ్మబుద్ధి కానిది వేరే ఉంది. ఆ ఇంట్లో వంటావిడకి కళ్లు మసకబారితే దొరగారే ఖర్చు పెట్టి లండన్ పంపించి ఆపరేషన్ చేయిస్తాడు. అలాంటి దొర ఎక్కడో ఒకడు ఉండే ఉంటాడు. కానీ ఆ సీరియల్లో ఇంచుమించు ప్రతి దొరా, ప్రతి దొరసానీ మంచివాళ్లే. నౌకర్లకి సగం కథ ఇచ్చారు, అందుకు మెచ్చుకోవలసిందే. ఇచ్చిన ఆ సగంలోనూ వాళ్లకి దొర మీద కోపం రానివ్వలేదు. వస్తే గిస్తే దుర్మార్గుడికే వస్తుంది. తాతయ్య ఇక్కడ నాతో ఒప్పుకోరు, ఆయనకి ఆ దొరగారంటే మహా ఇష్టం.

మన గోదావరి మీద ఎవరైనా ఇలాంటిది తీస్తే ఎలా ఉంటుందో నేను ఇప్పుడే చెప్పగలను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు. టీవీలో అయితే కాటన్ దొర గుర్రం దిగుతాడు, మ్యాపు విప్పుతాడు, ఏటివైపు చూస్తాడు, వెనక వయొలిన్లు మోగుతాయి. ఆయనంటే నాకు భక్తే, ఈ డెల్టాలో ఎవరికి ఉండదు? కానీ ఏట్లో నిలబడి రాళ్లు దించినవాళ్లు తెర మీద గుంపుగా దూరం నుంచి కనపడతారు. వాళ్లలో ఒక్కడికి ఒక్క డైలాగు కూడా ఉండదు.

ఇక డాన్సుల గోల. దీనికి మూలం బీబీసీవాళ్ల 'స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్', 2004లో మొదలైంది. మరుసటి ఏడు అమెరికాకి, 2006లో 'ఝలక్ దిఖ్‌లా జా' పేరుతో మన దేశానికి వచ్చింది. పేరున్నవాళ్లని తెచ్చి, నేర్పే డాన్సరుతో జత కలుపుతారు. డాన్స్ రానివాళ్లు ఉండాలన్నదే ఆ షో కిటుకు. నలుగురు జడ్జీలు తలో పదికీ వేసే మార్కులు ఒకవైపు, జనం ఓట్లు ఇంకోవైపు. జనం కాళ్లు చూసి ఓటెయ్యరు. పోయిన వారం తడబడినవాడు ఈ వారం నిలబడ్డాడా అని చూసి వేస్తారు. అందుకని మార్కుల మీద మీరిద్దరూ అంత టెన్షన్ పడి కొట్టుకోనక్కర్లేదు.

2024లో అక్కడ గెలిచింది క్రిస్ మెకాస్లాండ్ అనే హాస్యనటుడు. ఆయనకి చూపు లేదు. జతగత్తె డయాన్ బస్‌వెల్ ఆయనకి ఎలా నేర్పి ఉంటుందో ఆలోచించండి. 'ఇదిగో ఇలా' అని చేసి చూపించే వీల్లేదు కదా. చెయ్యి ఎంత ఎత్తాలో, మోకాలు ఎంత వంచాలో అంతా నోటితో చెప్పాలి, పట్టుకుని దిద్దాలి. 2021లో రోజ్ ఐలింగ్-ఎల్లిస్ అనే నటి గెలిచింది, ఆమెకి వినపడదు. ఒక డాన్స్ మధ్యలో పాట ఆపేశారు. ఆమే, ఆమె జత డాన్సరూ ఆగకుండా ఆ నిశ్శబ్దంలోనే ఆడారు. తాతయ్య నన్ను వార్తలు పెట్టమనలేదు ఆ పూట.

మన చానళ్ల డాన్సులు చూస్తే మాత్రం నాకు చిరాకు. రెండు అడుగులు పడ్డాయో లేదో జడ్జి మొహం, మళ్లీ రెండు అడుగులు, ఎవరో కళ్లు తుడుచుకోవడం, పొగ. కాళ్లు చూపించండిరా నాయనా! హాలీవుడ్‌లో ఫ్రెడ్ ఆస్టేర్ అనే మహానుభావుడు తను ఆడుతుంటే తల నుంచి పాదాల దాకా ఒకే షాట్‌లో కనపడాలని పట్టుబట్టేవాడు. మన జాతరలో గరగ, అదే అమ్మవారి కుండ, నెత్తిన పెట్టుకుని ఆడేవాడికి ఆ పట్టుదల అక్కర్లేదు, చుట్టూ జనమే. డప్పు జోరెక్కుతుంటే కాళ్లు ఎగురుతాయి, నడుము తిరుగుతుంది, మెడ మాత్రం కదలదు. గరగ జారితే ఊరంతా చూస్తుంది, కట్ చేసి దాచే కెమెరా లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, మీరు కాస్త పెద్దయ్యాక ఇంకా వివరంగా చెబుతాను. మన గోదావరి ఊళ్లలో కళావంతులని ఉండేవారు. గుళ్లలో, పెళ్లిళ్ల మేజువాణీల్లో ఆడిన స్త్రీలు. క్షేత్రయ్య పదం పాడుతూ, కూర్చున్న చోటే అభినయం పట్టేవారు. పాటలో ఉన్నది ఒక్క మాటే, కళ్లలోకి మాత్రం అలక వచ్చేది, అది పోయి వెక్కిరింత వచ్చేది, ఆ వెనకే దిగులు. ఆడపిల్లల్ని గుడికి అంకితం ఇవ్వడాన్ని 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి ఆపింది. ఆపాల్సిందే, చిన్నపిల్లల బతుకులవి. కానీ ఆచారంతో పాటు ఆ విద్యనీ, అది వచ్చిన మనుషుల్నీ కూడా పెద్దమనుషులు గడప అవతలే ఉంచేశారు. వాళ్ల మీద ఎవరైనా సీరియల్ తీస్తే నేను ముందు చూసేది నగలూ అద్దాలూ కాదు. ఒకావిడ కూర్చుని పదం పడుతుంటే కెమెరా కదలకుండా మూడు నిమిషాలు ఓర్చుకుంటుందా, లేక మధ్యలో జమీందారు మీసం మీదకి పోతుందా అని.

సంక్రాంతికి ఈసారి రెండు రోజులు ముందే రండి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్దాం. రైలు టికెట్లు ఇప్పుడే చేయించమని అమ్మతో చెప్పండి, పండగ దగ్గరపడితే దొరకవు.

మీ అమ్మమ్మ