‘జూద సాధువు’ ఎవరి సొత్తు?

హాంకాంగ్ జూదం సినిమాలను ఏ వరుసలో చూడాలన్న వాదన మళ్లీ మొదలైంది. ‘ఆల్ ఫర్ ది విన్నర్’ను ‘గాడ్ ఆఫ్ గ్యాంబ్లర్స్’ సిరీస్‌లో కలపాలా, బయట పెట్టాలా అన్నదే తగువు. అసలు ముడి పడింది 1990 ఆగస్టుకూ డిసెంబరుకూ మధ్య.

1989 డిసెంబరులో వచ్చిన దర్శకుడు వాంగ్ జింగ్ సినిమా ‘గాడ్ ఆఫ్ గ్యాంబ్లర్స్’లో నటుడు చౌ యున్ ఫాట్ జూద దేవుడు. నున్నగా దువ్విన జుట్టు, వేలికి పచ్చరాయి ఉంగరం, స్లో మోషన్‌లో ఎంట్రీ. ఎనిమిది నెలలకే జెఫ్ లావ్, కోరీ యుయెన్ కలిసి దానికి పేరడీగా ‘ఆల్ ఫర్ ది విన్నర్’ తీశారు. హాంకాంగ్ భాష కాంటనీస్‌లో పెట్టిన పేర్లలోనే వేళాకోళం కనిపిస్తుంది: అది ‘దౌ సాన్’, అంటే జూద దేవుడు. ఇది ‘దౌ సింగ్’, జూద సాధువు.

స్టీఫెన్ చౌ వేసిన ఈ సాధువు చైనా నుంచి హాంకాంగ్‌లోని బాబాయి దగ్గరికొచ్చిన అమాయకుడు. అడ్డున్నా అవతలి వస్తువు చూసేస్తాడు. పేక ముక్కను వేళ్లతో రుద్ది మార్చేస్తాడు. ఇది ఊరికే పుట్టిన ఊహ కాదు. 1979లో సిచువాన్‌లో ఒక కుర్రాడు చెవితో అక్షరాలు చదువుతున్నాడని పత్రికలో వచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా చైనాను అతీంద్రియ శక్తుల పిచ్చి ఊపేసింది. రాకెట్ శాస్త్రవేత్త చియెన్ శ్యూసెన్ అంతటివాడే దాన్ని వెనకేసుకొచ్చాడు. అదే 1979లో హాంకాంగ్ టీవీ సీరియల్‌లోని ‘ఆ చాన్’ అనే పాత్ర పేరు, చైనా నుంచి వచ్చేవాళ్లందరికీ వెక్కిరింతగా అంటుకుంది. జెఫ్ లావ్ బృందం అలాంటి ‘ఆ చాన్’ చేతికే శక్తులిచ్చి పేకాట బల్ల ముందు కూర్చోబెట్టింది.

స్లో మోషన్ సీనే చూడండి. కెమెరా వేగం మారదు, చుట్టూ జనం మామూలుగానే నడుస్తుంటారు. స్టీఫెన్ చౌ ఒక్కడే కాళ్లూ చేతులూ మెల్లగా ఈడుస్తూ, స్లో మోషన్‌ను తనే నటించేస్తాడు. ఖర్చులేని స్పెషల్ ఎఫెక్ట్!

అసలు సినిమా వసూలు 3.7 కోట్ల హాంకాంగ్ డాలర్లు, పేరడీది 4.13 కోట్లు. అప్పటికి అదే హాంకాంగ్ రికార్డు.

అప్పుడు వాంగ్ జింగ్ తెలివిగా ఆ సాధువునే, బాబాయిగా వేసిన ఇంగ్ మాన్ తాత్‌తో సహా, తన ఇంటికి తెచ్చుకున్నాడు. డిసెంబరుకల్లా ‘గాడ్ ఆఫ్ గ్యాంబ్లర్స్ 2’ రెడీ. పక్కన మరో నటుడు ఆండీ లావ్. వసూలు 4.03 కోట్లు. కథలో సాధువు దేవుడి శిష్యరికం కోసం వస్తాడు. మొన్న వెక్కిరించినవాడిచేతే దండం పెట్టించారన్నమాట. మరుసటి ఏడాది మూడో భాగంలో స్టీఫెన్ చౌ హీరో. జెఫ్ లావ్ తన పేరడీకి కొనసాగింపుగా తీసిన ‘ద టాప్ బెట్’లో మాత్రం సాధువు అక్కగా నటి అనితా మూయ్ కథ నడపాల్సి వచ్చింది.

దేవుడు లేకపోతే సాధువెక్కడి నుంచి వస్తాడన్నది వాంగ్ జింగ్ అభిమానుల వాదన. అదీ నిజమే. కానీ ఆ కుర్రాడు బాబాయి గుమ్మం మొదటిసారి తొక్కిన సీను ఆగస్టు సినిమాలోనే ఉంది.